కాఫీ ఇవ్వలేదని ఏడ్చిన నర్సమ్మకి

ప్రశ్న: "అక్కా, మాది పాకాల దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ అయిపోయి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ఏడు నెలలైంది. మెడికల్ వార్డు. హాస్టల్లో ఉంటున్నాను. నైట్ అంటే పన్నెండు గంటలు, పద్నాలుగు మంది పేషెంట్లకి నేనొక్కదాన్నే. జీతం పదిహేను వేలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లే పెట్టుకున్నారు. బాత్‌రూమ్‌కి పోయే టైం ఉండదని డ్యూటీలో నీళ్లు తాగడం మానేశాను. పోయిన నెల యాంటీబయాటిక్ లేటు చేశానని ఇంఛార్జి సిస్టర్ పేషెంట్ల అటెండర్లందరి ముందు 'నీకు డిగ్రీ ఎవరిచ్చారు' అంది. అన్నిటికంటే బాధ ఇంకోటి. ఒక పెద్దాయన రాత్రి పన్నెండప్పుడు రవ్వంత కాఫీ ఇవ్వమన్నాడు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని షీట్‌లో రాసి ఉంది, ఇవ్వలేదు. తెల్లారి నాలుగున్నరకి పోయాడు. హాస్టల్‌కి వచ్చి మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడు డ్యూటీ అంటేనే కడుపులో తిప్పుతోంది. అమ్మేమో గవర్నమెంట్ జాబ్ వచ్చేదాకా ఓర్చుకో అంటుంది. నాతో చదివినవాళ్లంతా యూనిఫాం ఫొటోలు స్టేటస్ పెట్టుకుని బాగానే ఉన్నారు. నేనే ఈ పనికి పనికిరానా? మానేయమంటారా? ఇంకో చిన్న విషయం, కాళ్లు బాగా నొప్పులు, ఎలాంటి షూస్ కొనాలో కూడా చెప్పండి."

సమాధానం:

పాపా, ముందు ఆ కాఫీ సంగతి మాట్లాడుకుందాం, జీతం, సర్టిఫికెట్లు కాసేపు ఆగుతాయి.

నోటి ద్వారా ఏమీ వద్దు అని రాసేది ఊరికే కాదు. మింగే శక్తి తగ్గిన మనిషికి, మగతలో ఉన్న మనిషికి, గుక్కెడు కాఫీ కూడా కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. అప్పటికప్పుడు ఊపిరి అందకపోవచ్చు, లేదా రెండు రోజుల తర్వాత న్యుమోనియాగా తేలవచ్చు. నువ్వు జాలిపడి ఇచ్చి ఉంటే, ఆయన దగ్గుతూ దగ్గుతూ పోయి ఉంటే, నాకు వచ్చే ఉత్తరం ఇంకోలా ఉండేది. నువ్వు చేసింది సరైన పని. సరైన పని చేసినా బాధ ఉంటుంది, అది మాత్రం నేను తీసేయలేను, ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత కూడా నాకు అలాంటివి మూడు నాలుగు ఉన్నాయి, పడుకున్నప్పుడు వస్తుంటాయి.

అయితే ఇంకోసారి ఎవరైనా అలా అడిగితే ఏం చేయవచ్చో చెప్తాను. ముందు డ్యూటీ డాక్టర్‌ని అడుగు, చెంచాతో రెండు చుక్కలైనా పెట్టవచ్చా అని. వద్దంటే, తల వైపు మంచం కొంచెం ఎత్తి, కట్టు కట్టే పల్చటి గాజ్ గుడ్డ తడిపి గట్టిగా పిండి, పెదాలు, చిగుళ్లు, నాలుక తుడువు. పెదాలకి రవ్వంత వ్యాజలిన్ రాయి. "తాతా, కాఫీ ఇవ్వలేను, మింగితే పొరపోతుంది, నోరు మాత్రం తడుపుతా" అని చెప్పు. పేషెంట్ అడిగేది చాలాసార్లు కాఫీ కాదు, నోరెండిపోయి అడుగుతారు. ఇది నాకు పుస్తకంలో దొరకలేదు, ఒక ఆయమ్మ చెప్పింది, వార్డులో నా కంటే పదేళ్లు ముందు నుంచీ ఉన్న మనిషి.

ఇదంతా చేయడానికి ఐదు నిమిషాలు కావాలి. నీకు పద్నాలుగు మంది. ఆ ఐదు నిమిషాలు నీకు లేవు. నువ్వు మూడు రోజులు అన్నం మానేసి నీ మీద వేసుకున్న నేరంలో సగం ఇక్కడే ఉంది, అది నీ నేరం కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం జనరల్ వార్డులో టీచింగ్ ఆసుపత్రి అయితే ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒకరు ఉండాలి. నువ్వు దాదాపు ముగ్గురి పని చేస్తూ, ఒక మనిషి చేయాల్సినంత బాగా చేయలేకపోయానని ఏడుస్తున్నావు.

అందుకే "నేను పనికిరానా" అని నన్ను అడిగే ముందు, నిన్ను తొలిచేస్తున్న ఒక్కొక్కదాన్నీ విడిగా పట్టుకుని ఒకే ప్రశ్న అడుగు: వచ్చే ఏడాదికి నా చేయి తిరిగితే ఇది పోతుందా? వెయిన్ దొరక్క రెండుసార్లు గుచ్చడం, డాక్టర్‌కి ఫోన్ చేయాలంటే గొంతు ఎండిపోవడం, డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో మధ్యలో తడబడటం, మందులు లేటవడం, ఇవి పోతాయి. పద్నాలుగు మందికి ఒకరు, పెట్టెలో పెట్టుకున్న సర్టిఫికెట్లు, పదిహేను వేలు, ఇవి నీ చేయి ఎంత తిరిగినా పోవు. మొదటి రకాన్ని ఓర్చుకో. రెండో రకాన్ని ఓర్చుకోవడం గొప్ప కాదు. మీ అమ్మ రెండిటినీ కలిపి ఓర్చుకోమంటోంది, నువ్వు రెండిటినీ కలిపి మానేస్తానంటున్నావు. ఇద్దరిదీ ఒకటే పొరపాటు.

కాలేజీలో ఉన్నప్పుడు నువ్వు ఒక పేషెంట్‌కి నాలుగు పేజీల కేర్ ప్లాన్ రాసి ఉంటావు, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, మేడం చేత గుడ్ అనిపించుకుని. వార్డులో ఆ నాలుగు పేజీలకి చోటు లేదు. ఈ దెబ్బకి అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1974లోనే రియాలిటీ షాక్ అని పేరు పెట్టింది. చేరిన కొత్తలో అంతా కొత్త పెళ్లికూతురి సంబరం, తర్వాత ఈ షాక్, ఆ తర్వాత మెల్లగా కోలుకోవడం. ఏడో నెల అంటే నువ్వు సరిగ్గా ఆ గోతిలో ఉన్నట్టున్నావు. ఇంకొకావిడ, పట్రీషియా బెన్నర్, ఒకే రకం పనిలో రెండు మూడేళ్లు ఉంటే గానీ నర్సుకి పనిలో నిలకడ రాదని చెప్పింది. నువ్వు ఏడు నెలలకే అది లేదని కంగారు పడుతున్నావు. స్టేటస్ ఫొటోల సంగతి వదిలెయ్, బాత్‌రూమ్‌లో ఏడ్చి మొహం కడుక్కుని సెల్ఫీ తీసుకున్నవాళ్లు కూడా అందులో ఉంటారు, నమ్ము.

ఇంక ఇంఛార్జి సిస్టర్. ఇక్కడ నేను నీకు ఒకటి ఒప్పుకోవాలి, నేనూ అరిచినదాన్నే. పన్నెండేళ్లు ఇంఛార్జిగా చేశాను, ఎందరు కొత్త పిల్లల్ని అందరి ముందు కడిగేశానో లెక్కలేదు. ఒక అమ్మాయి నేను అరిచిన మర్నాడు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. అప్పుడు నేను "పోనీలే, నిలబడలేని మనిషి" అన్నాను. ఇప్పుడు అనను. నా మీద పైవాళ్ల అరుపులు, ఖాళీ ఉన్న పోస్టులు, లెక్క తేలని సామాన్లు, అన్నీ నెత్తిన పెట్టుకుని నాకంటే చిన్నది ఎవరు దొరికితే వాళ్ల మీద దించేదాన్ని. దీన్ని సమర్థించుకోవడానికి చెప్పడం లేదు, ఆ అరుపులో నీ తప్పు ఎంత, ఆవిడ అలసట ఎంత అని విడదీసి వినడం నేర్చుకుంటావని చెప్తున్నాను. యాంటీబయాటిక్ లేటు కావడం తప్పే, రక్తంలో మందు మోతాదు పడిపోకూడదనే గదా టైం ప్రకారం ఇచ్చేది. కానీ "డిగ్రీ ఎవరిచ్చారు" అన్న మాటలో నీకు పనికొచ్చేది ఏమీ లేదు, దాన్ని మోసుకు తిరగకు.

ఆవిడతో మాట్లాడు. డ్యూటీ మధ్యలో కాదు, రౌండ్స్ అప్పుడు అసలే కాదు, హ్యాండోవర్ అయ్యాక ఆవిడ టీ తాగేటప్పుడు. "సిస్టర్, ఆ రోజు మందు లేటు చేసింది నేనే. ఇంకోసారి ఏదైనా ఉంటే పక్కకి పిలిచి చెప్పండి, వింటాను. అటెండర్ల ముందు తిడితే వాళ్లు ఇంక నా మాట వినరు, రాత్రంతా నేనే వాళ్లతో వేగాలి." ఈ చివరి మాట పనిచేస్తుంది, ఎందుకంటే అది నీ బాధ మాత్రమే కాదు, ఆవిడ వార్డు సమస్య కూడా. మారితే సరే. నెల తర్వాత కూడా అదే పద్ధతి అయితే తేదీలు రాసుకుని నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం మీద ఇవ్వు.

తప్పుల గురించి ఒక్కటి చెప్తాను, నాది. 1989లో చేరాను, అప్పటికి నాలుగో నెల. ఫీమేల్ మెడికల్ వార్డులో ఆ రోజు ఇద్దరు మునెమ్మలు. మన జిల్లాలో మునెమ్మలు, మునిరత్నాలు, సుబ్రమణ్యాలు లేని వార్డు ఉండదు కదా. ఒక మునెమ్మకి షుగరు, ఇంకో మునెమ్మకి ఆయాసం. రాత్రి భోజనం ముందు ఇన్సులిన్ లోడ్ చేసుకుని "మునెమ్మా" అని పిలిచాను, ఆయాసం మునెమ్మ "ఆ" అని చేయి చాపింది. చేశాను. ట్రే తీసుకుని తిరిగి వస్తుంటే పక్క మంచం మునెమ్మ "నాకు సూది వెయ్యలేదే పాపా" అంది. నా కాళ్లలో వణుకు ఇప్పటికీ గుర్తుంది, చేతిలో ట్రే గలగలమంది. రెండు నిమిషాలు నిలబడిపోయాను, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అనే ఆలోచన కూడా వచ్చింది, వచ్చిందని నీకు దాచను. తర్వాత పోయి ఇంఛార్జి సిస్టర్‌కి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఎన్ని యూనిట్లు? ఎన్ని నిమిషాలైంది?" రెండే అడిగింది. డాక్టర్‌ని పిలిచారు, ఆమె చేత చక్కెర నీళ్లు తాగించి, అన్నం తినిపించి, డెక్స్‌ట్రోజ్ సిద్ధంగా పెట్టుకుని, తెల్లారేదాకా గంటకోసారి షుగర్ చూశాం. ఏమీ కాలేదు. నేను చెప్పకుండా ఉండి ఉంటే అర్ధరాత్రి ఆమె చెమటలు పట్టి స్పృహ తప్పేది, నిద్రపోతోందని అందరం అనుకునేవాళ్లం. ఆ రోజు నుంచి నేను పేషెంట్‌ని పేరుతో పిలవలేదు. "నీ పేరేంటమ్మా, ఏ ఊరు?" అని అడుగుతాను, పేరు వాళ్ల నోటి నుంచి రావాలి, చేతి బ్యాండ్ మీద, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చిన ఐపీ నంబరు కలవాలి. నీ వార్డులో తప్పు చెబితే ఏం జరుగుతుందో నాకు తెలీదు. కానీ తప్పు చెప్పినవాళ్లని నలిపేసే చోటు అయితే, అది కూడా రెండో రకం లెక్కలోకే రాసుకో.

డాక్టర్‌కి రాత్రిపూట ఫోన్ చేయాలంటే భయమా? అది నీ ఉత్తరంలో లేదు గానీ ప్రతి ఫ్రెషర్‌కీ ఉంటుంది, కాబట్టి చెప్పేస్తాను. ఫోన్ తీసే ముందు కేస్ షీట్ ఎదురుగా పెట్టుకుని నాలుగు ముక్కలు రాసుకో: ఇప్పుడేమైంది, మనిషి ఎవరు, నేనేం చూశాను, మీరేం చేయాలి. "సార్, ఆరో బెడ్, ఆయాసం పెరిగింది. అరవై ఏళ్ల ఆయన, న్యుమోనియాతో నిన్న చేరారు. సాచురేషన్ గంట కింద 95, ఇప్పుడు 88, రెస్పిరేషన్ 32. ఆక్సిజన్ పెట్టాను, మీరు వచ్చి చూడాలి." అంతే. దీన్నే ఎస్‌బార్ అంటారు, క్లాసులో చెప్పే ఉంటారు, పరీక్షలో రాసేసి మర్చిపోయి ఉంటావు. "సార్, పేషెంట్ ఒక రకంగా ఉన్నాడు" అంటే ఏ డాక్టర్‌కైనా చిరాకే, నిజంగా ఒక రకంగా ఉన్నా సరే.

ఇప్పుడు నీ ఒంటి సంగతి. నీళ్లు తాగడం మానేశాను అన్న ముక్క చదివి నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు, కొంచెం నీ మీద కూడా. పన్నెండు గంటలు నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుని పనిచేస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, తలనొప్పి వస్తుంది, మూడు గంటలకి మందు లెక్క వేసేటప్పుడు బుర్ర పనిచేయదు. పేషెంట్‌కి ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ వేసే మనిషికి తన చార్ట్ సున్నా. పక్క వార్డులో నైట్ చేసే అమ్మాయితో ఒప్పందం చేసుకో, పదకొండుకి నువ్వు, పదకొండుంపావుకి ఆమె, ఐదు నిమిషాలు ఒకరి వార్డు ఒకరు చూసుకోవాలి. ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, మేం అందరం అలాగే బతికాం.

తిండి కూడా అంతే. హాస్టల్ వాళ్లు పెట్టే ఆ పల్చటి సాంబారు నమ్ముకుని నైట్ చేయలేవు. డ్యూటీకి ముందు కడుపు నిండా తిను, సంగటి ముద్ద, పప్పు, ఊరిమిండి, ఏది దొరికితే అది. అర్ధరాత్రి బిర్యానీ పార్సిళ్లు తెప్పించుకోవద్దు, నిద్ర తూగుతుంది, పొద్దున్నే మంట పుడుతుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు వేయించిన చెనిక్కాయలు, బెల్లం ఒక డబ్బాలో తెచ్చుకో. రెండు గంటలప్పుడు ఒక గుప్పెడు, ఒక అరటిపండు, మజ్జిగ. కాఫీ రాత్రి రెండింటి లోపే ఆపెయ్, దాని సగం ప్రభావం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది, నాలుగింటికి తాగిన కాఫీ ఎనిమిదింటికి హాస్టల్ మంచం మీద కూడా నీతోనే ఉంటుంది. కొండ మీద సుప్రభాతం మొదలయ్యే వేళ నుంచి ఐదు దాకా ఒంట్లో వేడి బాగా తగ్గి ఉంటుంది, మనిషి అతి మందంగా ఉండేది అప్పుడే. ఆ టైంలో ఇన్సులిన్, పొటాషియం, హెపారిన్ లాంటివి ఏవైనా ఉంటే ఇంకో మనిషికి చూపించి ఇవ్వు, ఎంత తెలిసినవైనా.

పొద్దున డ్యూటీ దిగాక ఎండ కళ్ల మీద పడితే ఒళ్లు లేచే టైం అనుకుంటుంది. టోపీయో చున్నీయో కప్పుకుని నేరుగా హాస్టల్‌కి పో. దారిలో అలిపిరి దాకా పోయి ఫొటోలు, లీలామహల్ దగ్గర షాపింగ్, ఇవన్నీ ఆఫ్ రోజు. కిటికీకి నల్ల గుడ్డ కట్టు, ఫోన్ సైలెంట్‌లో పెట్టు, అమ్మకి చెప్పు తొమ్మిది నుంచి మూడు దాకా ఫోన్ చేయొద్దని. మీ అమ్మలాంటి వాళ్లకి పగలు నిద్రపోయే మనిషి అంటే సోమరి అనే లెక్క, ఒకసారి ఆమెని రాత్రంతా మేల్కొని ఉండమని చెప్పు, తెలుస్తుంది.

సూది గుచ్చుకోవడం గురించి మీకు చెప్పారో లేదో. క్యాప్ తిరిగి పెట్టొద్దు, వాడిన సూది నేరుగా తెల్ల డబ్బాలోకి. గుచ్చుకుంటే పిండొద్దు, స్పిరిట్ పొయ్యొద్దు, పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి వెంటనే చెప్పు. హెచ్ఐవీ రాకుండా మందు మొదలుపెట్టాల్సి వస్తే రెండు గంటల లోపు మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు పడ్డాయా, ఆ తర్వాత యాంటీబాడీ టెస్ట్‌లో పది పైన వచ్చిందా చూసుకో. వచ్చిందని రాసి ఉంచుకో. ఇవి సిగ్గుపడి దాచే విషయాలు కావు.

మూడు రోజులు తినలేదన్నావు కదా. మొదటి చావు చూశాక అది మామూలే, నాకూ అయింది. కానీ ఇప్పుడు డ్యూటీ అంటే కడుపులో తిప్పడం, రాత్రి పగలు అదే కళ్ల ముందు కనపడటం, ఎవరితో మాట్లాడబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటి ఉంటే ఇంక సర్దుకుంటుందిలే అని కూర్చోకు. 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. సైకియాట్రీ డాక్టర్‌ని చూడాల్సి వస్తే చూడు. మనం పేషెంట్లకి చెప్తాం, మనకి మాత్రం చెప్పుకోం, ఏం గొప్పో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆయమ్మ ఎవరో ఆమెతో కూడా ఒకసారి ఆ పెద్దాయన గురించి మాట్లాడు. ఆమె కూడా చూసింది కదా.

పని మీద ఇష్టం ఎప్పుడు వస్తుంది అని నువ్వు అడగలేదు, కానీ నీ ప్రశ్న అదే. నాకైతే సేవ, త్యాగం, దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మ, వీటితో రాలేదు. మే 12న నర్సుల దినోత్సవమని కేకు కోసి, సాయంత్రం మళ్లీ డబుల్ డ్యూటీ వేసే చోట్ల ఆ మాటలు వింటే నవ్వొస్తుంది. నాకు ఇష్టం వచ్చింది ముసలోళ్ల వెయిన్లతో. ఏదైనా ఒక్క పని ఎంచుకుని అందులో వార్డులో నీకంటే బాగా చేసేవాళ్లు లేరు అనిపించుకో. ముసలి చేతుల్లో నరం పైకి కనిపిస్తుంది గానీ జారిపోతుంది, గట్టిగా కడితే పగులుతుంది. నేనేం చేసేదాన్నంటే, గోరువెచ్చని తడి గుడ్డ ఐదు నిమిషాలు చుట్టి, చేయి మంచం కిందికి వేలాడదీయించి, టోర్నికే వదులుగా కట్టి, చర్మాన్ని నా ఎడమ బొటనవేలితో కిందికి లాగి పట్టుకుని, సూదిని దాదాపు పడుకోబెట్టినట్టు లోపలికి పోనిచ్చేదాన్ని. రక్తం కనిపించగానే ఆగి, ఇంకా కిందికి వంచి, ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం ముందుకి తోసేదాన్ని. తడితే చాలు, కొట్టకూడదు, వాళ్ల చర్మం కమిలిపోతుంది. రెండుసార్లు దొరక్కపోతే మూడోసారి నేను గుచ్చేదాన్ని కాదు, ఇంకొకరిని పిలిచేదాన్ని. మూడో ఏడాదికి ఐసీయూ నుంచి నాకు ఫోన్ వచ్చేది, "సిస్టర్, ఒకసారి వస్తారా, దొరకట్లేదు" అని. ఆ ఫోన్ వచ్చిన రోజు నేను ఇంటికి నడిచిపోయిన నడక వేరు. నీకు అది వెయినే కానక్కర్లేదు, బెడ్‌సోర్ డ్రెస్సింగ్ కావచ్చు, చక్కెర పేషెంట్లకి ఇన్సులిన్ చేసుకోవడం నేర్పడం కావచ్చు.

ఇప్పుడు రెండో రకం. జీతం విషయం. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలకి లెక్క చెప్పింది. యాభై పడకల లోపు ఆసుపత్రైనా నెలకి 20,000 తగ్గకూడదు, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానం. అది సిఫార్సు, అమలు చేయాల్సింది రాష్ట్రాలు, కాబట్టి రేపు పోయి టేబుల్ మీద కొట్టి అడిగే కాగితం కాదు. కానీ ఇంకో చోట ఇంటర్వ్యూకి పోయినప్పుడు నీ విలువ ఎంతో నీకు తెలిసి ఉండాలి. పే స్లిప్ తీసి చూడు, 21,000 లోపు జీతానికి ఈఎస్ఐ ఉండాలి, నీ వైపు నుంచి నూటికి ముప్పావు రూపాయి కోస్తారు. పీఎఫ్ పడుతుందో లేదో కూడా చూడు. ఈఎస్ఐ ఉంటే, రోజులు కట్టి ఉంటే, జబ్బు చేసినప్పుడు సెలవుకి జీతంలో 70 శాతం వస్తుంది, మన పిల్లలు చాలామంది ఈ సంగతి తెలీక లాస్ ఆఫ్ పే పెట్టుకుంటారు.

సర్టిఫికెట్లు నీ సొత్తు. చూసుకుని, జిరాక్స్ తీసుకుని ఇచ్చేయాలి, బీరువాలో పెట్టుకోవడానికి వాళ్లకి హక్కు లేదు. ముందు మర్యాదగా ఒక లెటర్, "పై చదువుకి అప్లై చేయాలి, ఒరిజినల్స్ ఇప్పించగలరు" అని. ఇంకో కాపీ మీద సీలు, సంతకం వేయించుకో. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపు. పదిహేను రోజులు చూసి న్యాయ సేవాధికార సంస్థకి పో. ఆడవాళ్లకి అక్కడ ఆదాయంతో పనిలేకుండా వకీలు ఉచితం. చిత్తూరు కోర్టు దాకా పోలేకపోతే 15100కి ఫోన్ చేసి అడుగు. చాలా కేసుల్లో వకీలు లెటర్ రాసేదాకా కూడా రాదు, నీ లెటర్ మీద సీలు పడగానే ఆఫీసులో కదలిక వస్తుంది. నాయనకి చెప్పి గొడవకి తీసుకురాకు, ముందు కాగితం.

మానేయాలా అంటే, నర్సింగ్ మానొద్దు. ఈ ఆసుపత్రి మానొచ్చు. కానీ నైట్ దిగిన పొద్దున రాజీనామా రాయొద్దు, రెండు రాత్రులు నిద్రపోయి, మూడో రోజు కూడా అదే అనిపిస్తే రాయి. కుదిరితే ఏడాది పూర్తి చెయ్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌కి బయట విలువ ఉంది. ఈ ఐదు నెలల్లో సర్టిఫికెట్లు బయటికి తెచ్చుకో, ఏపీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నీ చేతిలో ఉందో లేదో చూసుకో, నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్‌సెట్ పరీక్షకి రోజుకి గంట చదువు, నైట్ రోజుల్లో వదిలెయ్. ఊళ్లోనే ఉండాలనుకుంటే విలేజ్ హెల్త్ క్లినిక్ పోస్టులకి బీఎస్సీ వాళ్లనే తీసుకుంటారు, నోటిఫికేషన్ల మీద ఒక కన్నేసి ఉంచు. వేరే ఆసుపత్రికి పోయినప్పుడు జీతం అడిగే ముందు "నైట్‌లో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు?" అని అడుగు. సూటిగా చెప్పకపోతే అర్థం చేసుకో.

మధ్యలో ఎవరైనా అటెండర్ నీ మీద చెయ్యెత్తితేనో, తిడుతూ ఫోన్‌లో వీడియో తీస్తేనో, ఐదు నెలలు ఆగక్కర్లేదు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకి మన రాష్ట్రంలో 2008 నుంచే చట్టం ఉంది, నర్సులకీ వర్తిస్తుంది. ఆసుపత్రి వాళ్లు "సర్దుకో" అంటే సర్దుకోకు, పోలీస్ స్టేషన్‌కి నువ్వే పో, తోడుగా ఒక మనిషిని తీసుకుని. లోపలివాళ్లే ఎవరైనా వెకిలి వేషాలు వేస్తే, పది మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, అందులో ఎవరెవరు ఉన్నారో పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా చూడు. లేకపోతే అది కూడా మనసులో పెట్టుకో.

షూస్. తెల్లవే వేయాలని రూల్ ఉంటుంది కాబట్టి కాన్వాస్ కొనేస్తారు పిల్లలు, రక్తం, మూత్రం, సెలైన్ ఏది పడినా లోపలికి ఇంకిపోతుంది. ముందు మూసి ఉన్నవి, పైన తుడిస్తే పోయే రకం, అడుగు జారనివి, మడమ దగ్గర వంచితే వంగనివి తీసుకో. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. రెండు జతలు ఉంటే మార్చి మార్చి వేసుకో, ఒకటి ఆరుతుంది. నూలు సాక్సులు రోజూ మార్చు. పిక్కల్లో నరాలు ఉబ్బి కనిపిస్తుంటే గట్టి సాక్సుల గురించి ఒకసారి డాక్టర్‌ని అడుగు. గదికి రాగానే పది నిమిషాలు కాళ్లు గోడకి ఎత్తి పెట్టి పడుకో. షాపుకి మాత్రం పొద్దున్నే పోవద్దు, ఆఫ్ రోజు సాయంత్రం పో, అప్పటికి కాళ్లు ఉబ్బి ఉంటాయి కాబట్టి సరిపోయే సైజు తెలుస్తుంది.